బావి మీది గచ్చు

"ఈ గచ్చు మీద ఎవలదో ఒకలది కాలు ఇరుగుతది, సూడుండ్రి."

అన్నది నేనే. అప్పటికి ఏమీ జరగలేదు. పొద్దున్నే అంట్లు తోముకుంటూ, వాకిలి నడిమధ్యన కొత్తగా కనబడ్డ సన్నటి పగులును చూసి పైకే అనేశాను. భయమేస్తే లోపల పెట్టుకోవడం నాకు చేతకాదు.

సెలవులకు వచ్చి, ఎదురింటి గడపలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న అక్రమ్ నవ్వాడు.

"పెద్దమ్మా, మొన్న సిలిండర్ పేలుతదన్నవు. అటుమొన్న కోతులొచ్చి కూరగిన్నె ఎత్కపోతయన్నవు. ఒక్కటన్న నిజమైందా?"

"కోతులొచ్చినయి కదరా!"

"ఒచ్చినయి. గిన్నె ముట్టలె. వాసన జూసి, కారమెక్కువైందని మర్లిపోయినయి."

వాళ్లమ్మ హుస్నాబీ బియ్యం చాటతో బయటికి వచ్చి కొడుకు వీపు మీద ఒకటేసింది. "నవ్వకు. ప్రమీలక్క భయపడుతుంటెనే మన రెండిండ్లు సల్లగున్నయి. ఆమె భయమే మనకు తాయెత్తు."

నేను కూడా నవ్వాను. ఆ పగులు మీద ఇంత బూడిద వేసి కాలితో రాశాను, పూడుకుంటుందేమో అన్నట్టు.

మా రెండిళ్లకూ వాకిలి ఒక్కటే. సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో, ఒకే ఇనుప గేటు లోపల ఎదురెదురుగా ఉంటాయి. గేటు తీసుకుని వస్తే ఎడమ చేతికి మాది, కుడి చేతికి వాళ్లది. మా ఆయన రాజమల్లయ్య ఆర్టీసీలో కండక్టరు. హుస్నాబీ భర్త అమీనుద్దీన్ రేకుతో డబ్బాలు, గరాటులు, పెట్టెలు చేసి అమ్ముతాడు. ఒకప్పుడు ఈ వాకిలి మధ్యలో చేదబావి ఉండేది. రెండిళ్లూ అందులో నీళ్లే తాగాయి. నల్లాలు వచ్చాక, బావి ఎండిపోయాక, పిల్లలు ఎక్కడ పడతారోనని నా పోరు పడలేక మగవాళ్లు దాన్ని పూడ్పించారు. పాత పెంకులు, గోడ మట్టి, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది పోశారు.

అప్పటికి మా అత్త దుర్గవ్వ బతికే ఉంది. "గంగమ్మకు ఊపిరాడకుంట జేస్తరా? పైపు పెట్టుండ్రి" అని గేటుకు అడ్డంగా కూర్చున్నది. ఊపిరి పైపు పెట్టకుండా బావి మూస్తే ఇంట్లో పిల్లలకు మంచిది కాదని ఆమె నమ్మకం. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. హుస్నాబీ కూడా మా అత్త వైపే మాట్లాడింది. "నిజమే కదా, ఇన్నొద్దులు తాపిన తల్లి నోరు ఎట్ల మూస్తం?" అన్నది. అట్లా బావి నడుమ నిలువునా ఒక పైపు దించి, పర్శరాములు మేస్త్రి చేత ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఒకే పరుపులాగ సిమెంటు గచ్చు పోయించారు. పైపు నోరు గచ్చుకు సమంగా ఉండేది. శుక్రవారం వస్తే నేను దానికి పసుపు రాసి చెంబెడు నీళ్లు పోసేదాన్ని. హుస్నాబీ బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి అందులోనే వంచేది. "బావికి గంజి" అనేది. వాన పడితే వాకిలి నీళ్లన్నీ గుడగుడమంటూ అందులోకే పోయేవి. బురద లేదు, దోమలు లేవు. మంచి పని చేశామనుకున్నాం.

నా కొడుకు సిద్ధార్థ, హుస్నాబీ కొడుకు అక్రమ్ ఆ గచ్చు మీదే పెరిగారు. సిద్ధార్థ పోలీసు ఉద్యోగానికి పరుగు నేర్చుకుంటున్నప్పుడు అక్రమే తెల్లారి లేచి వాడితో పాటు గ్రౌండుకు పోయేవాడు. ఫోనులో టైము చూసి, "ఇంక జర ఉరుకు అన్నా, ముసలోడు గూడ దాటిపోతుండు" అని కేకలు పెట్టేవాడట. ఉద్యోగం వస్తే వస్తానని కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకున్నాను. వచ్చింది. మొక్కు చెల్లించిన రోజు అక్రమ్ మాతో వచ్చి, ఆ రద్దీలో నా చెప్పులు పోతే తన చెప్పులు నాకిచ్చి ఎండలో ఉత్తకాళ్లతో నడిచాడు. తర్వాత సిద్ధార్థకు హైదరాబాదులో డ్యూటీ పడింది. అక్రమ్ పెద్ద చదువుకు అక్కడికే పోయాడు.

అక్రమ్ కాలు మా గచ్చు మీద విరగలేదు. హైదరాబాదులో విరిగింది.

నేనా మాటన్న కొన్నాళ్లకే, ఎండాకాలం మొదట్లో, తెలంగాణ కోసం అక్కడ చదువుకునే పిల్లలు ఊరేగింపు తీశారు. పోలీసులు లాఠీలతో కొట్టారు. అందులో కింద పడ్డ అక్రమ్ మోకాలి చిప్ప పగిలింది. దవాఖానలో ఆపరేషన్ చేసి లోపల ఇనుము వేశారు. ఇంటికి తెచ్చిన రోజు అమీనుద్దీన్, మా ఆయన కలిసి కుర్చీలో కూర్చోబెట్టి గేటు లోపలికి మోసుకొచ్చారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. నేనన్న మాట నా చెవుల్లోనే ఉంది. ఏడుపు రాలేదు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

మర్నాడు గుడ్లు ఉడకబెట్టి, గిన్నెలో పెట్టుకుని వాళ్లింటికి పోయాను. అక్రమ్ నిద్రపోతున్నాడు. హుస్నాబీ గిన్నె తీసుకుని పక్కన పెట్టింది. కూర్చోమనలేదు.

"అక్కా, ఆ దినం నీ కొడుకు డ్యూటీ యాడ?"

"నాకు తెల్వది హుస్నాబీ."

"అడుగు. అడిగి నాకు జెప్పు."

అంతే. అరవలేదు, తిట్టలేదు. నేను తల ఊపి వచ్చేశాను.

అడగలేదు. రోజూ సిద్ధార్థ ఫోను చేసేవాడు. తిన్నావా, జ్వరం తగ్గిందా, రాళ్లు పడుతున్నాయా, వెనక నిలబడు బిడ్డా, ముందుకు పోకు, అని అన్నీ అడిగేదాన్ని. అదొక్కటి అడగబోయి, బట్టలు ఎవరు ఉతుకుతున్నారని అడిగేదాన్ని. వాడు "ఇంకేంది అమ్మా?" అనేవాడు. "ఏం లేదు" అనేదాన్ని. ఆ ఊరేగింపు సంగతి వాడూ ఎత్తలేదు. "అక్రమ్ ఎట్లున్నడు?" అని ఒక్కసారే అడిగాడు. "నడుస్తుండు" అన్నాను. తర్వాత వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందనుకుని నేనే పెట్టేశాను. పోలేదని నాకు తెలుసు.

హుస్నాబీ నాతో మాట్లాడటం మానేసింది.

మా ఇద్దరి నల్లా వాళ్లింటి పక్క సందులో ఉంటుంది. నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నా గడపలో నిలబడి "నీళ్లొచ్చినయా హుస్నాబీ?" అని కేకేసేదాన్ని. "ఒచ్చినయి, ఉరుకు" అనో, "గాలొస్తుంది, నీళ్లు లెవ్వు" అనో ఆమె అనేది. ఇప్పుడూ కేకేస్తున్నాను. అలవాటు పోలేదు. జవాబు రాదు. బిందెలో నీళ్లు పడే చప్పుడు వింటే నా బకీటు పట్టుకుని పోతాను. నేను పోయేసరికి ఆమె తన బిందె తీసుకుని లోపలికి పోతుంది. బిందె సగమే నిండినా పోతుంది.

మగవాళ్లిద్దరూ మాత్రం మామూలుగానే ఉన్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేవారు. సిద్ధార్థ పేరు ఇద్దరూ ఎత్తేవారు కాదు.

వానలు పడ్డాయి. పగులు వేలు పట్టేంత అయింది. పైపు చుట్టూ గచ్చు పళ్లెం లాగ దిగిపోయింది. అక్రమ్ అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ కర్ర టక్కుమన్న చప్పుడు వినబడగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి తలుపు దగ్గరికి వచ్చేదాన్ని.

"నడిమిట్ల నుంచి పోకు బిడ్డా. గోడ పొంటి పో."

"సరే పెద్దమ్మా."

ఇదివరకైతే నన్ను ఆటపట్టించేవాడు. ఇప్పుడు 'సరే' అంటాడు, గోడ వెంట పోతాడు. ఆ 'సరే' వింటే నాకు ఏమీ అనిపించేది కాదు. ఏమీ అనిపించకపోవడానికే భయమేసేది.

ఒక మధ్యాహ్నం కర్ర కొస పగుల్లో ఇరుక్కుంది. అక్రమ్ ముందుకు తూలాడు. మా తులసి కుండీ పట్టుకుని ఆగాడు. కుండీ పడి పగిలింది. అతను పడలేదు. నేను ఇటు నుంచి, హుస్నాబీ అటు నుంచి ఒక్కసారే పరుగెత్తాం. చెరొక చెయ్యి పట్టుకున్నాం. ఆమె నా వైపు చూసింది. నేనేదో అనబోయాను. ఆమె నా చేతిలో నుంచి కొడుకు చెయ్యి తీసుకుని లోపలికి నడిపించింది.

ఆ సాయంత్రం అమీనుద్దీన్ మా ఆయనతో అన్నాడు. "రాజన్నా, ఇగ లాభం లేదు. పలగ్గొట్టి మళ్ల పోయాలె."

"పోద్దాం అమీన్ భాయ్. నాకేం పని? బస్సులు బంద్, నేను బంద్."

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోలోనే ఉన్నాయి. బడులు లేవు, ఆఫీసులు లేవు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. మా ఆయన పొద్దున దీక్ష శిబిరానికి పోయి కూర్చుని, మధ్యాహ్నం అన్నానికి వచ్చేవాడు. తండ్రి తెలంగాణ కోసం సమ్మెలో ఉంటే కొడుకు అటు వైపు లాఠీ పట్టుకుని నిలబడ్డాడని శిబిరంలో ఎవరో అన్నారట. "ఏం జెయ్యాల్నయ్య, కడుపు కోసం వాడు నిలవడ్డడు, కడుపు మాడ్సుకొని నేను గూసున్న" అన్నాడట ఈయన. నాకు చెప్పి నవ్వాడు. నేను మజ్జిగ పోశాను. ఒకసారి పోసింది మర్చిపోయి మళ్లీ పోశాను. గ్లాసు పొర్లింది.

పర్శరాములు మేస్త్రి వచ్చాడు. ఆ గచ్చు పోసినవాడు ఆయనే. గడ్డపార వెనక భాగంతో పైపు చుట్టూ కొట్టి చూశాడు. ఒకచోట గట్టిగా పలికింది, ఒకచోట ఖాళీ డబ్బా లాగ మోగింది.

"డొల్ల" అన్నాడు. "కింద ఏం లేదు. గచ్చు గాలిల తేలుతుంది."

"పైనుంచి సిమెంటు కొట్టి పగులు మూస్తె కాదా?" అని మా ఆయన అడిగాడు.

"పుండు మీద పౌడరు కొట్టినట్టయితది రాజన్నా. ఒక్క వాన ఆగుతదేమో."

సమ్మెటతో కొట్టారు. పలక ముక్కలై లోపలికి జారిపోయింది. నేను నా గడపలో, హుస్నాబీ తన గడపలో నిలబడి చూస్తున్నాం. కింద మనిషి కూర్చునేంత గుంత. పైపు మాత్రం అందులో నిటారుగా నిలబడి ఉంది. దాని నోటికి నేను రాసిన పసుపు ఇంకా ఉంది.

మేస్త్రి వంగి చూసి తల గోక్కున్నాడు. "రోజూ నీళ్లు పోస్తిరా గీంట్ల?"

మా ఆయన నా వైపు, అమీనుద్దీన్ హుస్నాబీ వైపు చూశారు.

"వానాకాలం వాన నీళ్లు, ఎండాకాలం మీ నీళ్లు. ఆ నీళ్లతోని మన్నంత అడుగుకు జారింది. మట్టి దిగనియ్యకుంట తొందరపడి గచ్చు పోసింది నేను. సగం తప్పు నాది. సగం మీ గంగమ్మది. ఈ పారి పైపు పీకేసి గట్టిగ మూసేద్దాం."

"పైపు పీకుతవా?" గడప దిగి వచ్చాను. "పిల్లలకు ఏమన్న అయితే?"

అన్నాక గానీ నాకు తెలియలేదు, పిల్లలకు ఇంకా ఏదో కాబోతోందన్నట్టు మాట్లాడానని. అక్రమ్ కర్ర గోడకు ఆనించి ఉంది. అందరూ దాని వైపు చూశారు.

మేస్త్రి హుస్నాబీ వైపు తిరిగాడు. "నువ్వేమంటవు అమ్మా?"

"ఆమెనడుగు" అన్నది హుస్నాబీ.

"ఆమె పీకద్దంటుంది. వాకిలి ఇద్దరిది కదా, నువ్వు గూడ జెప్పాలె."

"ఆమెను నేనేం అడగను. నిన్నే అడుగుతున్న. పైపు ఉంచి నీళ్లు పోకుంట జెయ్యరాదా?"

"నేనేమన్న మంత్రగాన్నా తల్లీ?"

"మా ఇంటాయన రేకు గొట్టానికి పైన టోపీ పెడతడు, వాన నీళ్లు పోకుంట. నీకు చాతగాదా?"

అమీనుద్దీన్ దగ్గాడు. మేస్త్రి కాసేపు చూసి నవ్వాడు. "టోపీ పెడత. మీ ఆయన తోనే కుట్టిస్త." పైపును మోకాలెత్తు లేపి, పైన వంచిన మెడ లాగ ఇంకో ముక్క తగిలించాలని ఇద్దరూ మాట్లాడుకున్నారు. గాలి ఆడుతుంది, నీళ్లు పోవు. నేను హుస్నాబీ వైపు చూశాను. ఆమె అప్పటికే లోపలికి పోయింది.

గుంతలో పెద్ద రాళ్లు పేర్చారు. చంద్లాపూర్ దిక్కు గుట్టల నుంచి ట్రాక్టరుతో మొరం మట్టి తెప్పించారు. కొంచెం పోసి, తడిపి, ఇనుప దిమ్మెసతో కొట్టి, మళ్లీ కొంచెం పోసి కొట్టారు. ఆ దెబ్బలకు మా ఇంట్లో గిన్నెలు అలమరలో కదిలేవి. అమీనుద్దీన్ కూడా చొక్కా విప్పి కొట్టాడు. మా ఆయన కొడితే మేస్త్రి నవ్వాడు. "టికెట్టు కొట్టినట్టు కాదు రాజన్నా, జర దమ్ముతోని." సిమెంటు లారీలు రాక రెండు మూడు చోట్ల తిరిగితే గానీ బస్తాలు దొరకలేదు.

కొత్త గచ్చు పోసేరోజు మేస్త్రి వాకిలి నడిమధ్యన, గేటు నుంచి వెనక గోడ దాకా ఒక గాజు పట్టీ నిలబెట్టాడు. మా వైపు ఒక పలక, వాళ్ల వైపు ఒక పలక. ఇదివరకు అట్లాంటి గీత లేదు. మేస్త్రి దగ్గరికి పోయి చిన్నగా అడిగాను.

"ఇది ఎవలు పెట్టుమన్నరు? ఆమె పెట్టుమన్నదా?"

"ఎవలు పెట్టుమంటరు? ఎండకు గచ్చు పెరుగుతది, సలికి తగ్గుతది. ఒకటే పలక పోస్తె యాడ పగులుతదో దానిష్టం. నడుమ సందు ఇస్తె దేని జాగల అది ఉంటది." చేతులు కడుక్కుంటూ, శిబిరంలో విన్న నినాదం లాగ రాగం తీశాడు. "విడిపోయి కలిసుండుడు అవ్వా! ఢిల్లోళ్లకు నేను జెప్తె ఎన్నడో ఇచ్చేటోళ్లు."

కూలివాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ గాజు పట్టీ మీదుగా ఎదురింటి గడప చూశాను. ఎప్పటి నుంచో అక్కడ గీత ఉన్నట్టే అనిపించింది.

పోయేటప్పుడు మేస్త్రి చెప్పాడు. చుట్టూ ఇసుకతో చిన్న కట్టలు వేసి, మడి లాగ నీళ్లు నిలపాలి. గచ్చు ఎండకూడదు. ఎండితే మళ్లీ పగులుతుంది. ఎవరి ఇంటి వైపు వాళ్లే చూసుకోవాలి. గేటు నుంచి రెండు గడపలకూ నడవడానికి బల్ల వేసి పోయాడు.

కరెంటు లేదు, సందులోని బోరు నడవదు. నల్లా నీళ్లే దిక్కు. పొద్దున లేస్తూనే గడపలోకి వచ్చి అడిగేదాన్ని.

"నీళ్లొచ్చినయా హుస్నాబీ?"

జవాబు లేదు. ఆమె తన మడిలో పోసేది, నేను నా మడిలో పోసేదాన్ని. నడుమ రెండు ఇసుక కట్టలు, వాటి మధ్య గాజు పట్టీ. ఆమె నీళ్లలో మా ఇల్లు కనబడేది. నా నీళ్లలో వాళ్లిల్లు.

గచ్చు ఇంకా పచ్చిగా ఉండగానే సిద్ధార్థ వచ్చాడు. ఒక్కరోజు సెలవు దొరికిందట. బస్సులు లేక ఎవరి బండి వెనకో కూర్చుని వచ్చాడు. మామూలు బట్టల్లోనే ఉన్నాడు. అయినా జుట్టు కత్తిరింపు చూస్తే తెలిసిపోతుంది. గేటు తీసి ఆగాడు. ఎదురుగా గడపలో అక్రమ్ కాలు చాపుకుని కూర్చున్నాడు. ఇద్దరూ చూసుకున్నారు.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. గొడవ అవుతుంది, కర్ర లేస్తుంది, వీడు నీళ్లలో పడతాడు, తల గోడకు తగులుతుంది. అన్నీ కళ్ల ముందు వచ్చిపోయాయి.

"బల్ల కదుల్తది" అన్నాడు అక్రమ్. "మెల్లగ రా."

సిద్ధార్థ తల ఊపాడు. మెల్లగా నడిచి వచ్చాడు.

అన్నం పెట్టాను. మా ఆయన శిబిరంలో ఉన్నాడు. వాడికిష్టమైన గోంగూర వండాను. ఉప్పు వేశానో లేదో నాకు గుర్తులేదు. వాడు ఏమీ అనకుండా తింటున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. దీనికంటే చెడ్డది ఏదీ మిగల్లేదు అనిపించింది. ఇన్ని నెలలు చెడ్డవన్నీ మనసులో చూసేశాను కదా, ఇక వినడమే మిగిలింది.

"బిడ్డా, అక్రమ్‌ను కొట్టిన దినం నువ్వు యాడున్నవు?"

చెయ్యి ఆగింది. మళ్లీ కలిపాడు.

"ఆడ్నే."

"నువ్వు కొట్టినవా వాన్ని?"

"తెల్వది అమ్మా."

"తెల్వదంటె ఏంది?"

"తెల్వదంటె తెల్వది. అంత పొగ. హెల్మెట్లకెల్లి ఏం కనవడతది? ఉరుకుమన్నరు, ఉరికినం. కొట్టుమన్నరు, కొట్టినం. నేను గూడ కొట్టిన. కింద పడ్డోళ్లను గూడ కొట్టిన." గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు. "ఎవల మొకం సూడలె. సూస్తె సెయ్యి లేవదని సూడలె."

కంచం వైపు చూశాను. అన్నం చల్లారిపోయింది. ఇంకొంచెం వెయ్యనా అని అడిగాను. వద్దన్నాడు.

"వాళ్లమ్మ అడిగింది. నేను చెప్పాలె" అన్నాను.

"ఏమని చెప్తవు?"

"నువ్వు చెప్పిందే."

వేళ్లకు అంటిన మెతుకులు కంచంలోకి రాల్చుకున్నాడు. "చెప్పు" అన్నాడు. "నేను చెప్పాలనే వచ్చిన. గేటు కాడ వాడు బల్ల కదుల్తది అన్నడు. ఇగ నా నోరు రాలె."

వెలుగు ఉండగానే వెళ్లిపోయాడు. పోయేటప్పుడు బల్ల మీద ఆగి, వాళ్ల గడప వైపు చూశాడు. తలుపు దగ్గరకు వేసి ఉంది. అక్రమ్ లోపల ఉన్నాడో, నిద్రపోతున్నాడో. గేటు చప్పుడు కాకుండా వేసుకుని పోయాడు. బండి దొరికిందో లేదో, ఎక్కడ చీకటి పడుతుందో అని మామూలుగా అయితే నేను సందు మలుపు దాకా పోయేదాన్ని. పోలేదు. కంచం కడిగాను. కడిగిన కంచం మళ్లీ కడిగాను.

మర్నాడు పొద్దున నీళ్లు రాలేదు. ఎండ ముదిరింది. నా మడిలో నీళ్లు ఇంకిపోయి, గచ్చు చివర్లు తెల్లబడుతున్నాయి. కొంతసేపటికి సందులో నుంచి బిందె చప్పుడు వినబడింది. అయినా లేవలేదు. చాలాసేపటికి ఖాళీ బకీటు పట్టుకుని బయటికి వచ్చాను.

హుస్నాబీ తన వైపు నీళ్లు పోస్తోంది. బిందె వంచి, కట్ట తెగకుండా, చెయ్యి అడ్డం పెట్టి చిన్నగా పోస్తోంది. ఇదివరకైతే నన్ను చూడగానే లోపలికి పోయేది. ఆ రోజు బిందె నిండా ఉందేమో, పోలేదు.

నీళ్లొచ్చినయా అని నేను అడగలేదు. బల్ల మీదికి నడిచి, గాజు పట్టీ దగ్గర ఆగాను.

"హుస్నాబీ, అడిగిన. నీ మాట అడిగిన వాన్ని."

ఆమె చెయ్యి నీళ్లలోనే ఆగింది. తల ఎత్తలేదు.

"ఆ దినం ఆడ్నే ఉన్నడట. కొట్టిండట. కింద పడ్డోళ్లను గూడ కొట్టిండట. అక్రమ్‌ను కొట్టిండో లేదో తనకే తెల్వదట. ఎవల మొకం సూడలేదన్నడు. సూస్తె సెయ్యి లేవదని సూడలేదన్నడు."

చెప్పవలసింది అయిపోయింది. ఇంకేమైనా కలపాలనిపించింది. వాడు మంచోడే అని, ఉద్యోగం అని, పైవాళ్ల మాట అని. నోరు తెరిచాను. ఏమీ కలపలేదు.

బిందెలో నీళ్లు అయిపోయాయి. ఆమె బోర్లించి చివరి చుక్కలు దులిపింది. ఒక ఇసుక కట్ట తెగి నీళ్లు గాజు పట్టీ వైపు పాకుతుంటే, తడి ఇసుక తీసి అరచేత్తో నొక్కింది. ఒకసారి నొక్కి, సరిపోలేదని ఇంకొంచెం తీసి నొక్కింది. కొత్త పైపు మెడ మీద కాకి వాలి, మా ఇద్దరినీ చూసి, లేచిపోయింది. సందులో ఎవరో జై తెలంగాణ అని అరుచుకుంటూ సైకిలు మీద పోయారు. ఎండ నా మెడ మీద కాలుతోంది. లోపల అక్రమ్ కర్ర నేల మీద రెండు మూడుసార్లు చప్పుడైంది, తర్వాత ఆగింది. వింటున్నాడని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

వెనక్కి పోదామని బల్ల మీద తిరిగాను. ఖాళీ బకీటు కాలికి తగిలి మోగింది.

హుస్నాబీ ఖాళీ బిందె చంకన పెట్టుకుని లేచింది. నా ముఖం చూడలేదు. నా కాళ్ల దగ్గర తెల్లబడ్డ గచ్చు చూసింది.

"నీళ్లొచ్చినయి అక్కా" అన్నది. "నీ దిక్కు ఎండుతుంది. పట్టుకొచ్చి పొయ్యి."